పిస్టల్‌ను ఎప్పుడెప్పుడు శుభ్రం చేయాలి, ఎలా చేయాలి

పిస్టల్‌ను ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: కాల్చిన ప్రతిసారీ. ఆ మాట తప్పు కాదు గానీ, అది సగం జవాబే. కాల్చినప్పుడు చేతులకు మసి అంటుతుంది, వాసన వస్తుంది, కాబట్టి శుభ్రం చేయాలని గుర్తుకొస్తుంది. అసలు పాడయ్యేది నెలల తరబడి ఒక్క రౌండ్ కూడా కాల్చకుండా నడుముకో లాకర్‌లోనో ఉండిపోయే తుపాకీ. దాని మీద చెమట పడుతుంది, బట్టల నూగు చేరుతుంది, వేసిన నూనె కారిపోతుంది లేదా వాడకుండా వదిలేసిన కుట్టుమిషన్‌లో లాగా ఎండి జిగురవుతుంది. పైకి మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. అందుకే క్యాలెండర్ చూసే ముందు మీ తుపాకీని మీరు ఎలా వాడుతున్నారో చూసుకోండి, ఎన్నాళ్లకోసారి అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ముందు కాల్చేవాళ్ల సంగతి. ప్రాక్టీస్‌కి వెళ్లొస్తే అదే రోజు, కుదరకపోతే మర్నాడు శుభ్రం చేయండి. తాజాగా ఉన్న మసి తేలిగ్గా వచ్చేస్తుంది, ఆగేకొద్దీ గట్టిపడుతుంది. అలాగని రెండు రోజులు ఆలస్యమైతే బ్యారెల్ (తుపాకీ గొట్టం) పాడైపోతుందని టెన్షన్ పడక్కర్లేదు. ఇప్పటి తూటాలతో, మంచి 9 ఎంఎం పిస్టల్ శుభ్రం చేయకుండానే కొన్ని వందల రౌండ్లు కాల్చగలదు. అలాంటిది ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టిందంటే చాలాసార్లు కారణం మసి కాదు, నూనె లేకపోవడం.

దీనికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పాత మిలిటరీ తూటాల్లో కొన్నింటి ప్రైమర్‌లో, అంటే తూటా అడుగున దెబ్బ తగలగానే మంట పుట్టించే భాగంలో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది పేలాక బ్యారెల్ లోపల పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఒక్క రాత్రిలోనే తుప్పు మొదలుపెట్టగలదు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కాబట్టి అలాంటి తూటాలు కాల్చిన రోజున ముందు వేడినీళ్లతో బ్యారెల్ కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాత మామూలుగా శుభ్రం చేసి నూనె పట్టించాలి. నీళ్లు పోస్తే తుప్పు పడుతుందని భయపడి ఉత్త నూనె రాసి ఊరుకుంటే ఆ ఉప్పు నూనె కింద అలాగే ఉండిపోతుంది.

పాయింట్ 22 పిస్టళ్లకు ఇంకాస్త ఎక్కువ శ్రద్ధ కావాలి. ఆ తూటాల్లో చాలావాటికి రాగి తొడుగు లేని సీసం బుల్లెట్, దాని మీద మైనం పూత ఉంటాయి. ఆ మైనం, సీసం, మసి మూడూ కలిసి ఛాంబర్ (బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే చోటు) అంచున పేరుకుంటే రౌండ్ పూర్తిగా లోపలికి వెళ్లదు. బ్యారెల్ సంగతి ఎలా ఉన్నా, కాల్చిన ప్రతిసారీ ఛాంబర్‌ను మాత్రం బ్రష్‌తో ఒకసారి రుద్దండి.

ఇక రోజూ ఒంటిమీద పెట్టుకునే తుపాకీ. దీన్ని కాల్చినా కాల్చకపోయినా రెండు వారాలకోసారి విప్పి చూడండి, నెలకోసారి నూనె తుడిచి మళ్లీ వేయండి. ఉక్కపోత రోజుల్లో, బాగా చెమట పట్టేవాళ్లు, ఇంటికి రాగానే బయటి భాగాన్ని నూనె గుడ్డతో ఒకసారి తుడిచేస్తే మంచిది. చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి ముందుగా గురి చూసే సైట్ల దగ్గర, స్క్రూల తలల మీద, తూటాలు నింపే మ్యాగజైన్ అంచుల్లో తుప్పు కనిపిస్తుంది. స్టెయిన్‌లెస్ కదా, ఏం కాదులే అనుకోకండి. దానికి తుప్పు ఆలస్యంగా పడుతుంది, అసలు పట్టకపోవడమంటూ ఉండదు. జేబులో పెట్టుకునే చిన్న పిస్టళ్ల విషయంలో నూగు పెద్ద సమస్య, అది బ్యారెల్ మూతిలోకి, హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) చుట్టూ, ట్రిగ్గర్ వెనక్కి చేరి నూనెతో కలిసి ముద్దలా తయారవుతుంది.

లాకర్‌లో పెట్టేసిన తుపాకీని కనీసం మూడు నెలలకోసారి బయటికి తీయండి, గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోటైతే నెలకోసారి. తోలు హోల్స్టర్‌లో పెట్టి దాచకండి, తోలు తేమను పట్టుకుంటుంది, దాన్ని పదును చేసేటప్పుడు వాడిన రసాయనాలు కూడా ఇనుముకు మంచివి కావు. తుపాకీతో పాటు వచ్చిన స్పాంజి పెట్టె కూడా అంతే, అది ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడానికి బాగుంటుంది గానీ ఏళ్ల తరబడి దాచడానికి కాదు. లాకర్‌లో రెండు మూడు సిలికా జెల్ సంచులు పెట్టి, వాటిని అప్పుడప్పుడు వేడి చేసి ఆరబెట్టడమో మార్చడమో చేస్తూ ఉంటే చాలా వరకు సరిపోతుంది.

వానలో తడిసినా, ఇసుకలో పడినా, నీళ్లలో మునిగినా మాత్రం వారాల లెక్కలేమీ లేవు, ఆ రోజే విప్పాలి. కొత్తగా కొన్న తుపాకీని కూడా మొదటిసారి కాల్చేముందు ఒకసారి శుభ్రం చేయండి, ఫ్యాక్టరీలో దానికి రాసేది చాలాసార్లు తుప్పు పట్టకుండా నిల్వ కోసం రాసే గ్రీజు.

విప్పే ముందు

శుభ్రం చేస్తూ పొరపాటున కాల్చుకున్నవాళ్లు ప్రతిచోటా ఉన్నారు, అందరూ చెప్పేది ఒకటే, "ఖాళీగా ఉందనుకున్నాను" అని. అందుకే ఈ భాగాన్ని దయచేసి తొందరగా చదివేయకండి.

మూతిని సురక్షితమైన వైపుకు తిప్పండి. వేలు ట్రిగ్గర్ మీద కాదు, ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం) మీద ఉండాలి. మొదట మ్యాగజైన్ తీయండి, ఆ తర్వాతే స్లైడ్ (బ్యారెల్ మీద ముందుకూ వెనక్కీ జారే పై భాగం) వెనక్కి లాగండి. ఈ వరుస తారుమారైతే ప్రమాదం: ముందు స్లైడ్ లాగితే ఛాంబర్‌లో ఉన్న రౌండ్ బయటపడుతుంది, స్లైడ్ ముందుకెళ్తూ మ్యాగజైన్ నుంచి ఇంకో రౌండ్‌ను ఛాంబర్‌లోకి తోస్తుంది, మీరేమో ఆ తర్వాత మ్యాగజైన్ తీసి, ఖాళీ అయిపోయిందని నమ్ముతారు. స్లైడ్‌ను వెనక లాక్ చేసి ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి, మ్యాగజైన్ వచ్చే గూడు కూడా చూడండి. ఒకసారి పక్కకు చూసి మళ్లీ చూడండి. మ్యాగజైన్ తీసేస్తే పేలకుండా ఆపే ఏర్పాటు బ్రౌనింగ్ హై-పవర్ లాంటి కొన్నింటిలో ఉంటుంది, చాలావాటిలో ఉండదు. అలాంటి ఏర్పాటు ఉన్నా దాన్ని నమ్ముకోకండి.

తీసిన రౌండ్లు, నింపి ఉన్న మ్యాగజైన్లు, అన్నీ వేరే గదిలో పెట్టేయండి, బల్ల మీద ఒక్కటి కూడా ఉండకూడదు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది, సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం), పలచటి నూనె ప్రైమర్‌లోకి దిగితే ఆ తూటా పేలకుండా పోవచ్చు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, గ్లాక్ లాంటి కొన్ని పిస్టళ్లను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. బెరెట్టా 92, సిగ్ పీ226 లాంటివాటికి ఆ అవసరం లేదు, పక్కనున్న లీవర్ తిప్పితే స్లైడ్ వచ్చేస్తుంది. మీది మొదటి రకమైతే ఆ ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కూడా మూతి సురక్షితమైన వైపే ఉండాలి, ఛాంబర్‌ను అప్పుడే ఇంకోసారి చూసి ఉండాలి.

కావాల్సినవి

పెద్దగా ఏమీ అక్కర్లేదు. మీ తుపాకీ క్యాలిబర్‌కు (గొట్టం లోపలి వెడల్పుకు) సరిపోయే కంచు బ్రష్, దానికి రాడ్, నూలు గుడ్డ ముక్కలు, పాత టూత్ బ్రష్ లేదా నైలాన్ బ్రష్, సాల్వెంట్, గన్ ఆయిల్, ఒంటికి మసి అంటకుండా నైట్రైల్ గ్లోవ్స్, స్ప్రింగ్ ఎగిరి కంట్లో పడకుండా కళ్లద్దాలు. స్టీల్ బ్రష్ మాత్రం బ్యారెల్ దగ్గరికి రానివ్వకండి. డబ్ల్యూడీ-40 చాలామంది ఇళ్లలో ఉంటుంది, తడిసిన తుపాకీలోంచి నీటిని తరిమేయడానికి అది పనికొస్తుంది, కానీ కదిలే భాగాలకు నూనెగా దాన్ని నమ్ముకోకండి, ఎక్కువ రోజులు నిలవదు. అమ్మోనియా ఉన్న సాల్వెంట్ రాగిని బాగా కరిగిస్తుంది, నికెల్ పూత ఉన్న తుపాకీల మీద వాడితే ఆ పూతనే దెబ్బతీస్తుంది, సీసా మీద రాసింది చదివి వాడండి. కిటికీలు తెరిచిపెట్టుకోండి.

శుభ్రం చేయడం

మాన్యువల్‌లో చూపించినంత వరకే విప్పండి: స్లైడ్, బ్యారెల్, రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను మళ్లీ ముందుకు తోసేది), ఫ్రేమ్. మామూలు శుభ్రానికి ఇంతకు మించి అవసరం లేదు. ట్రిగ్గర్ లోపలి భాగాల్ని వీడియో చూసి విప్పే ప్రయత్నం చేయకండి, అది తుపాకీల మెకానిక్ పని.

బ్యారెల్‌తో మొదలుపెట్టండి. సాల్వెంట్‌లో తడిపిన గుడ్డ ముక్కను ఛాంబర్ వైపు నుంచి తోసి మూతి దగ్గర బయటికి తీయండి, ఐదు పది నిమిషాలు వదిలేయండి. సాల్వెంట్ పని అది చేసుకుంటుంది, ఆ టైమ్‌లో మీరు స్లైడ్ సంగతి చూడొచ్చు. తర్వాత కంచు బ్రష్‌ను ఛాంబర్ వైపు నుంచే పెట్టి, మూతి నుంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా తోసి, అప్పుడే వెనక్కి లాగండి. మధ్యలో దిశ మార్చకండి, వెంట్రుకలు వంగి బ్రష్ ఇరుక్కుంటుంది. మూతి వైపు నుంచి ఎందుకు మొదలుపెట్టకూడదంటే, బుల్లెట్ చివరిగా వదిలే చోటు ఆ అంచే, రాడ్ తగిలి అక్కడ గీత పడితే గురి చెడుతుంది. తర్వాత పొడి గుడ్డలు ఒకదాని తర్వాత ఒకటి తోయండి. చివరి గుడ్డ మంచులా తెల్లగా రావాలని గంటసేపు రుద్దేవాళ్లు ఉన్నారు, ఆ పట్టుదల అక్కర్లేదు. లేత బూడిద రంగులో వస్తే చాలు. అతిగా రుద్దడం వల్ల, ముఖ్యంగా రాడ్ వంకరగా ఆడించడం వల్ల పాడైన బ్యారెళ్లు తక్కువేం కాదు. బ్యారెల్ వెనకవైపు, రౌండ్ లోపలికి జారే వాలు ఉంటుంది, దాన్ని గుడ్డతో నున్నగా తుడవండి, దాన్ని ఆకురాయితోనో గీకుడు కాగితంతోనో పాలిష్ చేయకండి.

స్లైడ్‌లో మసి ఎక్కువగా చేరేది రౌండ్ వెనకభాగం ఆనే ముఖం దగ్గర, ఖాళీ గుల్లను పట్టుకుని లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద. ఆ కొక్కెం కింద మసి గడ్డకడితే గుల్ల సరిగ్గా బయటికి రాదు, తుపాకీ జామ్ అవుతుంది. టూత్ బ్రష్‌తో అక్కడ ఓపిగ్గా తీయండి. ఇలా తీసేటప్పుడు స్లైడ్ మూతి వైపు కిందికి ఉండేలా పట్టుకోండి, లేకపోతే మసి కలిసిన సాల్వెంట్, ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ రంధ్రంలోకి కారుతుంది. ఆ పిన్ కదిలే గొట్టం పొడిగా ఉండాలి. అక్కడ నూనె పోస్తే మసి, దుమ్ము దానికి అతుక్కుని పిన్ నెమ్మదిస్తుంది, ప్రైమర్ మీద దెబ్బ చాలక రౌండ్ పేలదు. రోజూ పెట్టుకు తిరిగే తుపాకీ విషయంలో ఇంతకంటే చెడ్డ లోపం ఉండదు, పైగా బయటి నుంచి చూస్తే అది తెలియదు.

ఫ్రేమ్‌ను పొడి బ్రష్‌తో దులిపి గుడ్డతో తుడవండి చాలు. పాలిమర్ ఫ్రేమ్ అయితే ఘాటైన సాల్వెంట్‌లో నానబెట్టకండి.

మ్యాగజైన్‌ను చాలామంది మరిచిపోతారు, కానీ పిస్టల్ జామ్‌ల వెనక ఎక్కువసార్లు ఉండేది అదే. ఇసుకలో పడ్డా, నూగు కనబడ్డా అడుగు పలక తీసి, స్ప్రింగ్ ఎగిరిపోకుండా బొటనవేలు అడ్డంపెట్టి, లోపల పొడిగుడ్డతో తుడవండి. లోపల నూనె వేయకండి, దుమ్ము పడుతుంది, నూనె తూటాలకు అంటుతుంది. నింపి ఉంచితే స్ప్రింగ్ పాడైపోతుందన్న భయం కూడా అనవసరం, మంచి స్ప్రింగ్‌ను అలసటకు గురిచేసేది మళ్లీ మళ్లీ నింపడం, ఖాళీ చేయడమే.

ఇక నూనె. ఎంత వేయాలి అంటే మీరు అనుకునేదానికన్నా తక్కువ. స్లైడ్ జారే పట్టాల మీద ఒక్కో చోట ఒక్కో చుక్క, బ్యారెల్ బయటివైపు స్లైడ్‌తో రాసుకునే చోట పలచగా ఒక పూత, బ్యారెల్ లాక్ అయ్యే చోట ఒక చుక్క. పాత తుపాకీల మీద మెరుగు పోయి ఇనుము బయటపడ్డ మచ్చలు కనిపిస్తాయి చూడండి, లోహం లోహంతో రాసుకునేది అక్కడే, నూనె కావాల్సింది కూడా అక్కడే. కాల్చినప్పుడు ముఖం మీద నూనె చుక్కలు పడుతున్నాయంటే ఎక్కువైనట్టు. దాచిపెట్టే తుపాకీ అయితే బ్యారెల్ లోపల కూడా పలచటి పూత ఉంచండి, మళ్లీ కాల్చే ముందు ఒక పొడి గుడ్డ తోసి ఆ నూనె తీసేయడం మాత్రం మరిచిపోకండి.

రివాల్వర్ అయితే

పద్ధతి కొంచెం మారుతుంది. తూటాలు కూర్చునే గుండ్రటి సిలిండర్‌ను పక్కకు తెరిచి, దానిలోని ప్రతి గదినీ చూసి, తడిమి ఖాళీ అని తేల్చుకోండి. బ్యారెల్‌ను మూతి వైపు నుంచి శుభ్రం చేయక తప్పదు, కాబట్టి రాడ్ అంచుకు తగలకుండా మెల్లగా, వీలైతే రాడ్‌కు గైడ్ తొడిగి చేయండి. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది గుల్లల్ని బయటికి తోసే నక్షత్రం లాంటి పలక కింద. కాలని పౌడర్ రేణువులు కొన్ని అక్కడ ఇరుక్కున్నా సిలిండర్ సరిగ్గా మూసుకోదు, తిరగడం బరువవుతుంది. టూత్ బ్రష్‌తో అక్కడ దులపండి, నూనె మాత్రం వేయకండి. గుల్లలు తీసేటప్పుడు మూతి ఆకాశం వైపు ఉంచి తోస్తే ఆ రేణువులు కింద చేరవు.

పాయింట్ 357 మ్యాగ్నమ్ రివాల్వర్‌లో పాయింట్ 38 స్పెషల్ తూటాలు కాల్చేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ గుల్ల పొట్టిది కాబట్టి గదుల్లో అది ముగిసే చోట మసి వలయంలా గట్టిపడుతుంది, దాన్ని వదిలేస్తే పొడవైన మ్యాగ్నమ్ తూటా లోపలికి పూర్తిగా దిగదు, దిగినా గుల్ల తీయడం కష్టమవుతుంది. గదుల్ని కంచు బ్రష్‌తో రుద్దండి. సిలిండర్ ముందు ముఖం మీద ఉండే నల్లటి మరకల్ని పూర్తిగా పోగొట్టాలని చూడకండి, వాటివల్ల నష్టమేమీ లేదు. సీసం మరకల్ని తీసే గుడ్డలు దొరుకుతాయి గానీ, నీలిరంగు పూత ఉన్న తుపాకీ మీద వాడితే ఆ పూతే లేచిపోతుంది. ఎజెక్టర్ రాడ్ (గుల్లల్ని తోసే కడ్డీ) వదులైందేమో, స్క్రూలు బిగుతుగా ఉన్నాయేమో ఒకసారి చూడండి. లోపలి భాగాల్ని మూసి ఉంచే పక్క పలక తెరవకండి.

బిగించాక

తూటాలు ఇంకా వేరే గదిలోనే ఉండగా పని తీరు పరీక్షించండి. స్లైడ్ నాలుగైదుసార్లు లాగి వదలండి, ఎక్కడా పట్టుకోకుండా జారాలి. మూతి సురక్షితమైన వైపు ఉంచి, ఛాంబర్ మళ్లీ చూసి, ట్రిగ్గర్ నొక్కండి, అలాగే నొక్కిపట్టి స్లైడ్ లాగి వదలండి, ఇప్పుడు ట్రిగ్గర్‌ను మెల్లగా వదిలితే టక్కున మళ్లీ సెట్ అవ్వాలి. చేతి సేఫ్టీ ఉంటే అది పెట్టి నొక్కినప్పుడు హ్యామర్ పడకూడదు. ఖాళీ మ్యాగజైన్ పెట్టి స్లైడ్ లాగితే వెనక ఆగిపోవాలి. పాయింట్ 22 తుపాకీ అయితే మాన్యువల్ ఒప్పుకుంటేనే ఖాళీగా ట్రిగ్గర్ నొక్కండి, కొన్నింటిలో ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకు తగిలి గీత పడుతుంది. వీటిలో ఏది సరిగ్గా రాకపోయినా తూటాలు పెట్టకండి, మెకానిక్‌కి చూపించండి.

రోజూ పెట్టుకునే తుపాకీని తరచూ శుభ్రం చేసేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. ప్రతిసారీ ఛాంబర్ ఖాళీ చేసి, మళ్లీ అదే రౌండ్‌ను ఛాంబర్‌లోకి పంపుతూ ఉంటే, బ్యారెల్ వెనకున్న వాలు మీద గుద్దుకుని గుద్దుకుని బుల్లెట్ గుల్లలోకి కొంచెం కొంచెంగా దిగిపోతుంది. అలా దిగిన తూటా కాల్చినప్పుడు లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. దాన్ని కొత్త తూటా పక్కన నిలబెట్టి పొడవు పోల్చండి. ఏ కొంచెం పొట్టిగా కనిపించినా పక్కన పెట్టేయండి, తేడా లేకపోయినా ఒకే రౌండ్‌ను పదేపదే ఛాంబర్‌లోకి పంపకుండా మార్చుతూ ఉండండి.

స్ప్రింగ్‌ల సంగతి శుభ్రం చేయడంలో తెలియదు, లెక్కలో తెలుస్తుంది. చాలా 9 ఎంఎం సర్వీస్ పిస్టళ్ల రికాయిల్ స్ప్రింగ్‌ను 3000 నుంచి 5000 రౌండ్ల మధ్య మారుస్తారు, చిన్న పిస్టళ్లకు అంతకంటే ముందే. మీ మాన్యువల్ ఏ అంకె చెబితే అదే పాటించండి. దీనికోసం కాల్చిన రౌండ్లు, శుభ్రం చేసిన తేదీ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. గుల్లలు మామూలు కంటే దూరం ఎగిరిపడుతున్నా, స్లైడ్ పూర్తిగా మూసుకోకపోతున్నా లెక్క పూర్తవకపోయినా మార్చేయండి.

మిగిలింది మీ ఒంటి సంగతి. మసిలో సీసం ఉంటుంది, బుల్లెట్ నుంచే కాదు, చాలా ప్రైమర్లలో వాడే లెడ్ స్టైఫ్నేట్ నుంచి కూడా. పని జరుగుతున్నంతసేపూ తినకండి, తాగకండి, సిగరెట్ ముట్టుకోకండి. తినే బల్ల మీద ఈ పని పెట్టుకోకండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ గదిలోకి రానివ్వకండి. అయ్యాక గ్లోవ్స్ తీసేసి చేతులు, ముంజేతులు, ముఖం సబ్బుతో చల్లటి నీళ్లలో బాగా కడగండి. వేసుకున్న బట్టలు మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకండి. బల్లను తడిగుడ్డతో తుడవండి, చీపురుతో ఊడిస్తే సీసం దుమ్ము గాలిలోకి లేస్తుంది. సాల్వెంట్ గుడ్డలకు మంట ఇట్టే అంటుకుంటుంది, వాటిని మూత ఉన్న డబ్బాలో వేసి పొయ్యికి దూరంగా పెట్టి, తర్వాత పారేయండి. తుపాకీ లాకర్‌లోకి వెళ్లి తాళం పడ్డాకే గది తలుపు తీయండి.